చెట్టెక్కే ముందు మామ మాట

చి. ల. సౌ. మేనకోడలికి మామ దీవించి రాసేది.

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్లో నన్ను ఉతికి ఆరేసింది. "నీ కథలు వినీ వినీ దాని బుర్ర చెడింది. విల్లు కొనుక్కుందంట, జింకల్ని కొడుతుందంట" అని గంటసేపు. నాకు ఒక్క మాట మాట్లాడే సందివ్వలేదు. ఫోన్ పెట్టేశాక మీ అత్త నా వైపు చూసి "తిట్లు తిన్న మొహంలా లేదే, పెళ్ళి కుదిరిన మొహంలా ఉంది" అంది.

దాచేదేముంది, సంతోషమే. మన కుటుంబంలో పిల్లలు ఎంతమంది ఈ అమెరికా రాలేదు? ఇళ్ళు కొన్నారు, కార్లు కొన్నారు, క్రూజులు తిరిగారు. అక్టోబరు చలిలో చీకటితో లేచి, నోరు మూసుకుని అడవిలో కూర్చుందామన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు. నా కొడుకుల చేతికి విల్లిస్తే ఒకడు ఫోటో దిగి ఇచ్చేశాడు, రెండోవాడు అక్కడ సిగ్నల్ వస్తుందా అని అడిగాడు. నువ్వు ఎవరూ చెప్పకుండా వేసవంతా పెరట్లో ఫోమ్ దిమ్మకి బాణాలు వేస్తూ గడిపావంటే, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టకపోవడానికి ఇంకో కారణం నువ్వు ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన ఫోటో. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చేసి చూశాను. మీ ఆఫీసాయన పొలంలో ఓక్ చెట్టుకి ఆనించిన నిచ్చెన మంచె, దాని మీద నువ్వు. ఒళ్ళో కొత్త విల్లు, మొహాన చెవుల దాకా నవ్వు. భుజాల మీద పట్టీల్లేవు. నడుముకి తాడు లేదు. నిచ్చెనని చెట్టుకి కట్టిన పట్టీ ఎండకి రంగు పోయి, అంచుల్లో పీచు లేచింది. ఈ ఉత్తరం ఆ పట్టీ కోసమే. అయితే నువ్వు మధ్యలో విసుక్కుని పక్కన పెట్టకుండా మిగతావి ముందు చెబుతాను.

మొదట మీ అమ్మ సంగతి. మన ఇంటా వంటా లేని పని అంటోంది కదా, అది ఉత్తిది. ఆళ్ళగడ్డ వైపు మన ఊళ్ళో మా జేజినాయనకి నాటు తుపాకీ ఉండేది. శనగచేలో పడిన అడవిపందుల్ని ఆయనే తరిమేవాడు, కొట్టేవాడు. నల్లమల నుంచి చెంచులు తేనె తెచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన వెదురు విల్లు మన అరుగుకి ఆనించి లోపలికెళ్తే, నేను దాన్ని వంచుదామని చూసి ఒక్క అంగుళం కూడా లాగలేక సిగ్గుపడ్డాను. కనుమ వచ్చిందంటే అహోబిలం స్వామి పారువేటకి బయల్దేరేవాడు. నలభై రోజులు పల్లకీ ఊరూరా తిరిగేది. చెంచులక్ష్మిని కట్టుకున్న దేవుడి పల్లకీ మన ఊరికి వస్తే ముందు వరసలో నిలబడింది మీ అమ్మే. అడిగి చూడు, మాట మారుస్తుంది.

ఇండియాలో అయితే జైల్లో వేస్తారు అంటోంది. అది నిజం. 1972లో వన్యప్రాణుల సంరక్షణ చట్టం వచ్చాక జేజినాయన తుపాకీ అటకెక్కింది, ఎక్కడమే మంచిదైంది. అడవిలో మిగిలినవి తక్కువ, కొట్టేవాళ్ళు ఎక్కువ. ఇక్కడి లెక్క వేరు. తుపాకుల మీద పన్ను వేసి ఆ డబ్బుని అడవి జంతువులకే ఖర్చు పెట్టాలని 1937లో ఒక చట్టం చేశారు. విల్లుల్ని, బాణాల్ని అందులోకి తెచ్చి 11 శాతం పన్ను వేసింది సరిగ్గా ఆ 1972లోనే. నీ కొత్త విల్లు ధరలో ఆ పన్ను ఉంది. మనం ఉండే మిషిగన్ కింది భాగంలో తోడేళ్ళు పోయి వందేళ్ళు దాటింది. జింకల్ని తగ్గించేవి ఇప్పుడు ముఖ్యంగా కార్లు, చలికాలం, మనుషులు. ఇదంతా మీ అమ్మకి చెప్పాను. "నాకు లెక్కలు చెప్పకు" అంది.

ఆవిడ చెప్పిన ఒక్క మాట మాత్రం నాకు నచ్చింది. దశరథుణ్ణి తెచ్చింది మధ్యలోకి. చప్పుడు విని బాణం వేసి, నీళ్ళు ముంచుకుంటున్న పిల్లవాణ్ణి చంపి శాపం తెచ్చుకున్నాడు కదా అని. అది మాత్రం రాసి గోడకి అంటించుకో. కనపడనిదాని మీదికి, కదిలిన పొదలోకి, పొద్దు గుంకాక నల్లగా అనిపించిన ఆకారం మీదికి బాణం వేయకూడదు. సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా చట్టం ఒప్పుకుంటుంది. అడవి లోపల అంతకంటే ముందే చీకటి పడుతుంది. నీ కళ్ళు ఒప్పుకోకపోతే చట్టం ఒప్పుకుని ఏం లాభం?

మామూలు పనులు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. 1960 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి మిషిగన్‌లో హంటర్ సేఫ్టీ కోర్సు తప్పదు, చేసెయ్యి. లైసెన్సు కొను, జేబులో పెట్టుకో. బాణం సీజన్ అక్టోబరు 1న మొదలవుతుంది. నవంబరు 15న తుపాకులవాళ్ళు దిగుతారు, ఆ రోజుల్లో నువ్వు విల్లు పట్టుకున్నా సరే నారింజ రంగు వేసుకోవాలి. ఎర వేయకు, మన వైపు 2019 నుంచి నిషేధం. జింక దొరికితే 72 గంటల్లోగా ఆన్‌లైన్‌లో నమోదు చెయ్యి. మీ ఆఫీసాయన దగ్గర కాగితం మీద అనుమతి రాయించుకో, స్నేహం స్నేహమే. పక్క పొలం ఆయనతో కూడా ముందే మాట్లాడు. బాణం తగిలిన జింక కంచె చూసి ఆగదు.

నా పాత విల్లు అడిగావు. ఇవ్వను. అలగొద్దు. అది నా చేతుల పొడవుకి తగ్గట్టు కొన్నది, నువ్వు నా భుజం దాకా వస్తావు. పైగా దానికి వయసైంది, లాగినప్పుడు వంగే విల్లు కొమ్మ చిట్లితే ఆ ముక్క వచ్చేది నీ మొహం మీదికే. ఒకటి చూసుకో, నీ ఏ కన్ను గురి చూస్తోంది? రెండు చేతులూ చాచి వేళ్ళ మధ్య చిన్న సందులోంచి దూరంగా ఉన్న గడియారాన్ని చూడు. ఒక్కో కన్ను మూస్తూ చూస్తే ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అదే నీ కన్ను. అది ఎడమదైతే, నువ్వు కుడిచేతి విల్లు కొనుక్కుని ఉంటే, ఇప్పుడే మార్చుకో. ఇక బరువు. షాపులో కుర్రాళ్ళు యాభై అరవై పౌండ్లు లాగమంటారు, లాగకపోతే చిన్నచూపు చూస్తారు. జింకకి నలభై చాలు. కుర్చీలో కూర్చుని, చలికోటు వేసుకుని, విల్లుని పైకెత్తకుండా తిన్నగా లాగగలిగేదే నీ బరువు. ఆకాశం వైపు ఎత్తి లాగావంటే జింక నీకంటే ముందు చూస్తుంది. బాణం పెట్టకుండా నారి వదలకు, సరదాకి కూడా.

నేను విల్లు పట్టింది ఎలాగంటే, ఒక పేషెంటు వల్ల. డెట్రాయిట్‌లో రెసిడెన్సీ అయ్యాక 1979లో ఉత్తరాన గ్రేలింగ్ దగ్గర ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో చేరాను. చుట్టూ పైన్ చెట్లు, నది, మంచు. తెలుగు మాట వినాలంటే మూడు గంటలు కారు నడపాలి. అప్పటికి గ్రేలింగ్‌లో అందరి నోటా ఒకే పేరు, ఫ్రెడ్ బేర్. విల్లుతో వేటని ఈ దేశంలో మామూలు జనానికి అలవాటు చేసిన మనిషి. 1947 నుంచి ఆయన విల్లుల ఫ్యాక్టరీ ఆ ఊళ్ళోనే ఉండేది. నేను వచ్చేసరికి కంపెనీ ఫ్లోరిడాకి తరలిపోయింది. పని పోయినవాళ్ళు మా ఆసుపత్రికి వచ్చి బీపీ చూపించుకుంటూ ఆ కబుర్లే చెప్పేవాళ్ళు.

ఒక డెయిరీ రైతు ఉండేవాడు. అరవై దగ్గర పడ్డ మనిషి, షుగరు, మాట వినే రకం కాదు. ప్రతిసారీ నేను ఆయన్ని తిట్టేవాణ్ణి. ఒకసారి ఆయన నన్ను ఎగాదిగా చూసి "డాక్టరుగారూ, మీరు ఎప్పుడైనా బయటికి వెళ్తారా?" అన్నాడు. వచ్చే ఆదివారం తన కొట్టం వెనక్కి రమ్మన్నాడు. వెళ్తే చేతికి ఒక రికర్వ్ విల్లు, అంటే కొసలు ముందుకి వంపు తిరిగిన పాతకాలపు విల్లు ఇచ్చి, గడ్డిమోపుకి నాలుగడుగుల దూరంలో నిలబెట్టి, కళ్ళు మూసుకుని వెయ్యమన్నాడు. వేసవంతా అంతే. గురి లేదు, దూరం లేదు. భుజం వెనక కండ ఎలా బిగుస్తోందో, వేళ్ళు ఎప్పుడు వదులుతున్నాయో తెలియాలంట. నాకు ఒళ్ళు మండేది. ఆగస్టులో కళ్ళు తెరవనిచ్చాడు. ఇప్పుడు తెలుస్తోంది, ఆ వేసవి లేకపోతే నాకు విల్లు రాదు. నువ్వు కూడా వారానికోసారి నీ యాభై గజాల గొప్పలు పక్కన పెట్టి, దిమ్మకి దగ్గరగా నిలబడి కళ్ళు మూసుకుని వేసి చూడు.

అప్పటికే చక్రాల విల్లులు వచ్చేశాయి. మిస్సోరిలో ఆలెన్ అనే ఆయనకి 1969లో పేటెంటు వచ్చింది, నీ చేతిలో ఉన్నది దాని మనవరాలు. మా రైతు పెద్దాయనకి అవి గిట్టేవి కావు. "చక్రాలు ట్రాక్టరుకి ఉండాలి" అనేవాడు. నువ్వు మాత్రం సిగ్గుపడకు. నీ విల్లు పూర్తిగా లాగాక బరువులో ముప్పాతిక పైనే అదే మోస్తుంది, నువ్వు స్థిమితంగా ఆగగలవు. ఆగగలగడం జింకకి కూడా మేలే.

గాలి సంగతి ఆయన దగ్గర నేర్చుకున్నాను, మిగతాది మన వంటింట్లో. జింక కళ్ళని మోసం చేయవచ్చు, ముక్కుని చేయలేం. పొద్దెక్కేకొద్దీ వేడిగాలి పైకి లేస్తుంది, సాయంత్రం చల్లగాలి వాలు వెంట కిందికి జారుతుంది. కాబట్టి పొద్దుటి చెట్టు వేరు, సాయంత్రం చెట్టు వేరు. మొదటి రెండు సీజన్లు జింకలు నా చెట్టు దాకా వచ్చి, ముక్కు ఎగరేసి, తోక తెల్లగా లేపి పారిపోయేవి. పెద్దాయన ఒక రోజు నా కోటు వాసన చూసి పగలబడి నవ్వాడు. ఇంగువ పోపు! మీ అత్త సాంబారు పెట్టే గదిలోనే నా కోటు తగిలించి ఉండేది. అప్పట్నుంచి వేట బట్టలు మూత బిగించిన డబ్బాలో పెట్టి గ్యారేజీలో ఉంచేవాణ్ణి. వేటకెళ్ళే పొద్దున తాలింపు లేదు. మీ అత్త దాన్ని ఇప్పటికీ దెప్పుతుంది. అలాగే "కొత్తలా మెరిసే" సబ్బుపొడులతో ఆ బట్టలు ఉతక్కు, మనకి కనపడని ఆ మెరుపు జింకకి కనపడుతుంది.

ఇక బాణం వదిలే సంగతి. నీకు దిమ్మ మీద యాభై గజాలు తగులుతోందని మీ అమ్మే చెప్పింది, తిడుతూనే. జింక దిమ్మ కాదు. నారి చప్పుడుకి అది పారిపోవడానికి ముందు ఒళ్ళు కిందికి కుంగదీస్తుంది. బాణం చేరేలోగా అది అక్కడ ఉండదు. మొదటి ఏడాది ఇరవై గజాలు దాటి వేయకు. అడ్డంగా నిలబడినా, కొంచెం అటు తిరిగి నిలబడినా సరే. ముందుకాలి వెనక, ఛాతీ కింది అంచు నుంచి మూడో వంతు ఎత్తులో. అటు తిరిగి ఉంటే అవతలి ముందుకాలు వైపుకి బాణం వెళ్ళేట్టు చూడు. ఎదురుగా నీ వైపు చూస్తుంటే వదిలెయ్యి. చెయ్యి వణుకుతుంటే వదిలెయ్యి. వదిలేసిన జింక రేపు కూడా ఉంటుంది. పొట్టలో బాణంతో తిరిగే జింక ఎన్నాళ్ళు పడి ఉంటుందో తలచుకుంటే మీ అమ్మ పాపం అనే మాటకి నేను కూడా ఎదురు చెప్పలేను.

బాణం తూటా కాదు. దెబ్బతో పడగొట్టదు, కోస్తుంది, నెత్తురు పోతుంది. అందుకే ములికి గడ్డం గీసుకునే బ్లేడులా ఉండాలి. ఊపిరితిత్తులు రెండూ తెగితే జింక కొద్ది సెకన్లు పరిగెత్తి పడిపోతుంది. అరగంటయ్యాక దిగి బాణం తీసి చూడు. గులాబి రంగు నురుగు ఉంటే ఊపిరితిత్తులు, జాడ వెంట వెళ్ళు. ముదురు ఎరుపైతే కాలేయం కావచ్చు, నాలుగు గంటలు ఆగు. పచ్చగా, కంపుగా ఉంటే పేగులు. అప్పుడు చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చి రాత్రంతా ఆగాలి. తొందరపడి తరిమితే లేచి మైళ్ళు పోతుంది, నీకూ దక్కదు, సుఖంగా చావదు. ఏ రకమైనా సరే, బాణం వేసిన తర్వాత అరగంట దాకా చెట్టు దిగకూడదు. ఇది పెద్దాయన మొదటి సూత్రం. వాచీ చూసుకోమనేవాడు. నేను ఒకసారి పావుగంటకే దిగితే వారం పాటు నాతో మాట్లాడలేదు.

ఆ సూత్రాన్ని ఆయనే తప్పాడు.

అది నవంబరు మొదటి వారం, మగజింకలు ఆడవాటి వెనక పిచ్చిగా తిరిగే రోజులు. ఆ కాలంలో మంచెలు కొనేవాళ్ళు తక్కువ. చెట్టు పంగలో రెండు చెక్కలు పరిచి మేకులు కొట్టేవాళ్ళు, ఎక్కడానికి మొదలు నుంచి పైదాకా అడ్డచెక్కలు మేకులతో దిగ్గొట్టేవాళ్ళు. పెద్దాయన పొలంలో అలాంటి చెట్లు అరడజను ఉండేవి. కొన్ని వాళ్ళ నాన్న కొట్టినవి. నడుముకి తాడు కట్టుకోవడం అంటే ఆయన దృష్టిలో పిరికితనం. నేను కట్టుకుంటే "డాక్టరుగారు చెట్టుతో పెళ్ళి చేసుకుంటున్నారు" అనేవాడు. నేను కూడా నవ్వి, కొన్నిసార్లు విప్పేసేవాణ్ణి.

ఆ సాయంత్రం కొడుకుకి పాలు పితికే పని అప్పజెప్పి, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్ళాడు. ఏ చెట్టో కూడా చెప్పలేదు. చీకటి పడబోతుండగా మంచి కొమ్ముల మగజింక వచ్చింది. వేశాడు. తగిలిందని తెలుసు. అప్పుడే మంచు పడడం మొదలైంది. నెత్తుటి జాడ మంచు కింద కప్పుకుపోతుందేమోనని ఆయన తొందర. అరగంట ఆగమని అందరికీ చెప్పే మనిషి, వాచీ చూడలేదు. చలికి తిమ్మిరెక్కిన కాళ్ళతో, తడి బూట్లతో దిగడం మొదలుపెట్టాడు. పైనుంచి మూడో చెక్క మేకులతో సహా ఊడి వచ్చేసింది.

ఎందుకు ఊడిందో తర్వాత చూశాను. చెట్టు పెరుగుతుంది కదా. మాను లావెక్కేకొద్దీ చెక్కని బయటికి నెడుతుంది, మేకు కొద్ది కొద్దిగా లేస్తుంది, తుప్పు పడుతుంది. బయటికి బిగువుగానే కనపడుతుంది. చేత్తో లాగితే కదలదు. మనిషి బరువు ఒక్క కాలి మీద పడితే అప్పుడు తెలుస్తుంది.

పదిహేనడుగుల పైనుంచి నడుం మీద పడ్డాడు. కాళ్ళు కదల్లేదు. అరిచాడు, పాలమిషన్ల మోతలో కొట్టంలో ఎవరికి వినపడుతుంది? భార్య, ఎవరి జింకనో లాగడానికి పక్క రైతు దగ్గరికి వెళ్ళి ఉంటాడనుకుని పడుకుంది. అలా వెళ్ళడం ఆయనకి మామూలే మరి. తెల్లవారుజామున పాలు పితికే వేళకి రాకపోతే అప్పుడు కంగారు పుట్టింది. సెల్‌ఫోన్లు లేని రోజులు. కొడుకు ఒక్కో చెట్టు దగ్గరికీ పరిగెత్తాడు, నాలుగో చెట్టు కింద మంచులో దొరికాడు.

ఆ రోజు డ్యూటీలో ఉన్నది నేను. ఒంటి వేడి 31 డిగ్రీలకి పడిపోయింది, పెదాలు నీలం, కనురెప్పల మీద మంచు. ఎక్స్‌రే తీసి వెలుతురుకి పట్టుకుంటే నడుం పైన వెన్నుపూస ఒకటి నుజ్జునుజ్జు. ఎవరూ చెప్పక్కర్లేదు, చూడగానే తెలిసిపోయింది. అరికాలి మీద తాళంచెవితో గీశాను. ఏమీ లేదు. ఆయన నా మొహమే చూస్తున్నాడు. "దొరికిందా?" అన్నాడు. కాళ్ళ గురించి అడుగుతున్నాడనుకున్నాను. జింక గురించి.

దొరికింది. మధ్యాహ్నానికి కొడుకు కనిపెట్టాడు. చెట్టుకి అరవై అడుగుల దూరంలో. బాణం రెండు ఊపిరితిత్తుల్నీ కోసుకుంటూ వెళ్ళింది. ఈయన దిగడం మొదలుపెట్టేసరికే అది చచ్చి పడి ఉంది. మంచు కప్పినా, కప్పకపోయినా దానికోసం వెతకాల్సిన పనే లేదు.

బతికాడు. కాళ్ళు రాలేదు. పెద్ద ఊరికి పంపితే ఆపరేషన్ చేసి నెలల తర్వాత చక్రాల కుర్చీలో ఇంటికి పంపారు. కొడుకు, నేను వసంతకాలంలో గడ్డపారలు పట్టుకుని ఆ పొలంలో చెట్లన్నిటికీ ఉన్న చెక్కలు పీకేశాం. కొన్నిటిని బెరడు మింగేసింది, అంచు మాత్రమే కనపడుతోంది. పెద్దాయన కుర్చీలో కూర్చుని మమ్మల్ని చూస్తూ "మా నాన్న కొట్టిన మేకులు జాగ్రత్త" అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు చిక్కుడుచేను అంచున నేల మీద చిన్న గుడారంలో కూర్చుని వేటాడాడు. నేనే కుర్చీ తోసేవాణ్ణి. నన్ను బూట్ల చప్పుడు చేస్తున్నావని తిట్టేవాడు.

ఆ తర్వాత ఉద్యోగం మానేదాకా ప్రతి నవంబరూ మా ఆసుపత్రికి ఇలాంటివాళ్ళు వచ్చేవాళ్ళు. విరిగిన మడమలు, నడుములు. తుపాకీ గుండు తగిలినవాళ్ళకంటే చెట్టు మీంచి పడినవాళ్ళనే ఎక్కువ చూశాను. దాదాపు అందరూ ఎక్కేటప్పుడో దిగేటప్పుడో పడ్డవాళ్ళే. మీ అమ్మకి పాపం అంటే భయం, నాకు చెట్టు అంటే భయం. ఎవరి భయం వాళ్ళది, నువ్వు రెండూ మొయ్యాలి.

కాబట్టి విను. కాళ్ళు నేల మీంచి లేచినప్పటి నుంచి మళ్ళీ నేల తాకేదాకా తాడుకి కట్టుకుని ఉండాలి. పైన కూర్చున్నాక కట్టుకుంటానంటే కుదరదు. చెట్టు పైనుంచి మొదలు దాకా వేలాడే లైఫ్‌లైన్ తాడు వస్తుంది, దాని మీద జరిగే ముడికి నీ హార్నెస్, అంటే భుజాలకీ తొడలకీ బిగించే పట్టీల కట్టు, తగిలించి, ఎక్కుతూ ముడిని పైకి జరుపుకో. కూర్చున్నాక ఆ ముడి నీ తలకి పైనే ఉండాలి, తాడు వదులు ఉండకూడదు. వదులుంటే పడ్డాక మంచె కింద వేలాడతావు. వేలాడితే తొడ పట్టీలు నెత్తురు ఆపేస్తాయి, కొద్ది నిమిషాల్లోనే కళ్ళు తిరుగుతాయి. హార్నెస్‌తో పాటు చిన్న పట్టీ ఇస్తారు, దాన్ని ఉచ్చులా చేసి పాదం పెట్టి నిలబడాలి. ఇంటి దగ్గర, నేలకి ఒక అడుగు ఎత్తులో, మనిషిని పక్కన పెట్టుకుని ఒకసారి వేలాడి చూడు. నవ్వొస్తుంది, ఫరవాలేదు. విల్లు చేత్తో పట్టుకుని ఎక్కకు, తాడుతో పైకి లాక్కో, ములికులు గొట్టంలోనే ఉండాలి. మంచె పట్టీలు ఏటా మార్చాలి. మీ ఆఫీసాయన పట్టీలు ఈ వారమే మార్చాలి, లేదా ఆ చెట్టెక్కకు. మంచు పడ్డ పొద్దున మెట్ల మీద నీ చేతి తొడుగుతో తుడిచి మరీ అడుగెయ్యి. జింక పడ్డా, పరిగెత్తినా, మంచు కురిసినా అరగంట కూర్చో. మీ అమ్మతో ఫోన్లో మాట్లాడినట్టు అనుకో, గంట కూడా ఇట్టే అయిపోతుంది.

ఇంకోటి. ఏ చెట్టో మ్యాప్ మీద గుర్తు పెట్టి నాకు పంపు. ఎక్కగానే "ఎక్కాను", దిగగానే "దిగాను" అని మెసేజ్. రెండే ముక్కలు, టైప్ చేయడానికి బద్ధకమైతే వేలు బొమ్మ పెట్టు. చీకటి పడి గంట అయ్యాక నీ రెండో మెసేజ్ రాకపోతే మీ అమ్మకి చెప్పను, నేరుగా షెరిఫ్‌కి ఫోన్ చేస్తాను. పోలీసులు వస్తే సిగ్గు అనుకుంటే మెసేజ్ పెట్టు. ఇందులో బేరాల్లేవు.

జింక దొరికితే గర్వంగా కొమ్ముల ఫోటో గ్రూపులో పెట్టకు, మీ అమ్మ ప్రెషరు నేను చూసుకోలేను. 2015 నుంచి మన రాష్ట్రంలో అడవి జింకలకి క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు కనపడుతోంది, తల పరీక్షకి ఇచ్చి ఫలితం వచ్చాకే వండు. కొవ్వు తెల్లగా ఒక్క పోగు లేకుండా తీసెయ్యి. అది పొట్టేలు కొవ్వు కాదు, నోట్లో మైనంలా అతుక్కుంటుంది. వెనక తొడ ముక్కల్ని పెరుగు, అల్లంలో రాత్రంతా నానబెట్టి మీ అత్తకి పంపు. గోంగూరతో చేస్తుంది. మీ అమ్మకి పొట్టేలు అని చెప్పి పెడదాం అంటే మీ అత్త ఒప్పుకోవట్లేదు. చెప్పే పెడతానంటోంది. చూద్దాం.

హార్నెస్ పార్సిల్ వేశాను, మంగళవారానికి చేరుతుంది. మీడియం సైజు. చలికోటు మీద వేసుకుని తొడ పట్టీలు సరిచూడు, బిగుతైతే వెనక్కి పంపు, మార్పిస్తాను. దాని మీద తయారైన తేదీ ఉంటుంది, ఐదేళ్ళకి పారెయ్యాలి, ఒకసారి పడితే ఆ రోజే పారెయ్యాలి. లైఫ్‌లైన్లు రెండు పంపాను. ఒకటి నీకు, రెండోది మీ ఆఫీసాయనకి. ఆయన అది చూసి నవ్వితే నా నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను.

మీ మామ